మనవరాలి డైపర్లకు నేను పెట్టిన పరీక్ష

ముప్పై ఏళ్ళు సర్కారు బళ్ళో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పినదాన్ని. గుడ్డ విషయంలో నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని నా గట్టి నమ్మకం. కొట్టులో తాను విప్పీ విప్పగానే అంచు చూసి, రెండు వేళ్ళ మధ్య నలిపి, ఇది ఉతికితే బెత్తెడు కురచవుతుందని నలుగురిలో చెప్పేస్తాను. కొట్టువాళ్ళు నన్ను చూడగానే సోడా తెప్పించేది గౌరవం కొద్దీ కాదని, నోరు మూయించడానికని మావారంటారు. అననివ్వండి, ఆయన అనడం కొత్తా, నేను వినకపోవడం కొత్తా. అలాంటి నాచేత జానెడు డైపరు మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

మా కోడలికి అమలాపురంలో బ్యాంకు ఉద్యోగం. కాన్పు సెలవు ఇంకా నెలరోజులు ఉందనగా కాకినాడ నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. పిల్లను తన దగ్గర వదిలి నిశ్చింతగా ఉద్యోగం చేసుకోమని, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి చూసుకోవచ్చని చెప్పింది. కోడలు వసారాలో నిలబడి, "ఆలోచిస్తానమ్మా" అంది. వంటింట్లో ఉన్న నా చెవిన ఆ మాట పడింది. చారులో గరిటె అలాగే ఆగిపోయింది. ఆరు నెలలు కూడా నిండని ఆ పిల్ల పొద్దున్న కళ్ళు తెరవగానే నన్ను చూసి, బోసి నోరంతా తెరిచి, కాళ్ళూ చేతులూ ఆడిస్తుంది. దాన్ని తీసుకెళ్ళి కాకినాడలో పెట్టేస్తే నేను ఈ ఇంట్లో ఏం చేయాలి? మావారి మొహం చూస్తూ కూర్చోవాలా? ఆ మొహం నలభై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను, అందులో కొత్తగా చూడాల్సిందేమీ మిగల్లేదు.

కోడల్ని తప్పు పట్టడానికీ లేదు. కొట్లో దొరికే వాడి పారేసే డైపర్లు వేస్తే పిల్లకు తొడలు ఎర్రగా పొక్కిపోయి, ముట్టుకుంటే గుక్కపట్టి ఏడ్చేది. సరే కదా అని మావారి పాత పంచెలు చింపి గోచీలు పెట్టాం. అవి ముసురు రోజులు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పాతిక ముక్కలు తడిస్తే ఐదు ఆరేవి. వసారాలో తాళ్ళు, గదిలో తాళ్ళు, ఫ్యాను కింద తాళ్ళు. మావారు కుర్చీ దగ్గరికి వెళ్ళాలంటే ఒంగి ఒంగి వెళ్ళేవారు. నా కుడిచేతి మణికట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు, గుడ్డలు పిండీ పిండీ వాచిపోయింది. తను బ్యాంకుకెళితే ఈ చాకిరీ అంతా నా ఒక్కదాని మీదే పడుతుందని కోడలు ఒకసారి అననే అంది. మా అబ్బాయి ఓడలరేవు దగ్గర గ్యాసు ప్లాంటులో షిఫ్టులు చేస్తాడు, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతాడు, కాబట్టి వాణ్ణి ఈ కథలో కలపడం లేదు.

అయితే అడ్డమల్లా గుడ్డలేనన్నమాట అనుకున్నాను. గుడ్డలే అయితే ఆ పని నాది. గుడ్డల గొడవ తీరిపోతే పిల్లను కాకినాడ పంపడానికి ఇంకే సాకూ ఉండదు. ఆ క్షణం నుంచి నాకు అన్నం సయించలేదు, నిజం చెప్పొద్దూ, ఉత్సాహంతో.

కోడలు ఫోనులో ఉతికి వాడుకునే గుడ్డ డైపర్లు చూపించింది. అబ్బో, అందులో ఎన్ని రకాలో. ఒకదానికి పైన తొడుగు వేరు, లోపల మడత పెట్టుకునే గుడ్డ వేరు. ఇంకోదానికి దిండు గలీబులా జేబు, అందులో మనమే పట్టీలు దూర్చాలి, ఉతికేముందు మళ్ళీ పీకాలి. మూడో రకానికి అన్నీ కలిపి ఒకటిగానే కుట్టేశారు. బయట నీళ్ళు దిగని పొర, లోపల తడి పీల్చే మందం, తొడల దగ్గర ఎలాస్టిక్, నడుము దగ్గర టిచ్ బటన్లు. తీయి, ఉతుకు, ఆరేయి, తొడుగు, అంతే. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తుండని నాలాంటిదానికి దూర్చడాలూ పీకడాలూ ఎందుకని అన్నీ కలిపి కుట్టిన రకమే ఖాయం చేశాను. అయితే ఎవరిది గట్టిది? రెండేళ్ళు రోజూ ఉతికినా చెక్కు చెదరకూడదు కదా. మూడు చోట్ల నుంచి తలా ఒకటి తెప్పించమన్నాను.

మూడూ వచ్చాయి. ఒకదాని మీద ఆవు బొమ్మలు, ఒకదాని మీద మామిడి పిందెలు, ఒకటి బొమ్మల్లేని నీలం రంగుది. వసారాలో చాప పరిచి పరీక్ష మొదలుపెట్టాను. ముందు ఎలాస్టిక్. నేను లాగి వదులుతుంటే మావారు లెక్కపెట్టాలి. వంద దాకా లెక్కపెట్టి, ఇంకో వంద ఎందుకు, దీనికి ఉరిశిక్ష వేయబోతున్నావా అని లేచిపోయారు. ఆవు బొమ్మలది అప్పటికే నోరు వెళ్ళబెట్టింది. మా బళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలు ఎలాస్టిక్‌ను లాగి పట్టి కుట్టకుండా వదులుగా వేసి కుట్టేసేవాళ్ళు, సరిగ్గా అదే తప్పు. దాన్ని ఫెయిలు చేశాను. మామిడి పిందెలది కుట్టు బ్రహ్మాండం. కానీ లోపలి మందాన్ని నాలుగువైపులా బిగించి కుట్టేశారు, గాలి ఎటునుంచి పోతుంది? ఉతికి ఫ్యాను కింద వేస్తే మూడోరోజుకీ తడి వాసనే. నీలందానికి ఆ మందాన్ని ఒక్క చివరే కుట్టి మిగతాది నాలుకలా వదిలేశారు. ఆ నాలుక బయటికి లాగి ఆరేస్తే మర్నాటికి ఫెళఫెళలాడింది. కిటికీ వెలుతురుకు పట్టి చూశాను, బయటి పొరలో ఒక్క సూది బెజ్జం కనిపించలేదు. అంచులు లోపలికి మడిచి రెండు వరసలు కుట్టారు. కుట్టినవాళ్ళెవరో నా చేతికింద నేర్చుకున్నవాళ్ళే అయి ఉంటారని ప్రకటించాను. మావారు దగ్గారు.

ఇక నీళ్ళ పరీక్ష. పిల్ల మీద చేయలేం కదా, గుమ్మడికాయ తెచ్చాను. పిల్లంతే ఉంది, పిల్లలాగే గుండ్రంగా ఉంది, పైగా ఏడవదు. దానికి నీలం డైపరు తొడిగి, నడుము దగ్గర బటన్లు బిగించి, ఒళ్ళో పెట్టుకుని, పైనుంచి గ్లాసుడు నీళ్ళు నెమ్మదిగా వంపుతున్నాను. సరిగ్గా అప్పుడే చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధిగుమ్మంలోకి వచ్చింది రోజూ వచ్చే ఆవిడ. గంప దించకుండా కాసేపు నిలబడి చూసింది. "టీచరుగారండీ, ఒంట్లో బానే ఉందా అండి?" అని మెల్లిగా అడిగింది. బానే ఉంది, నువ్వూ ఓ చెయ్యి వేసి చూడమ్మా అంటే, పాపం, గంప దించి గుమ్మడికాయ అడుగు తడిమి చూసింది. పొడిగా ఉందండి అంది. నా చీర మీద ఒక్క చుక్క పడలేదు. ఆ రోజే డజను తెప్పించమని కోడలికి చెప్పాను. నేను ఎగిరినంత పని చేశాను, కోడలు నవ్వు ఆపుకోలేక గదిలోకి పారిపోయింది.

డజనూ వచ్చాయి, వాటితో ఒక కాగితం వచ్చింది. తొడిగేముందు నాలుగైదుసార్లు ఉతకాలి, కొత్త గుడ్డ తడి పీల్చదు. సబ్బుపొడి ఒక్క చెంచా మించకూడదు. వేడినీళ్ళు తగలకూడదు. మెత్తదనం కోసం వేసే ద్రవాలు వద్దు. పిల్లకు క్రీములూ ఆయింట్‌మెంట్లూ రాయొద్దు, అవి గుడ్డకు పట్టేస్తాయి. కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి, పది ఆజ్ఞల్లా పాటించాను. మేం తరతరాలుగా చర్చికి వెళ్ళేవాళ్ళం, ఆజ్ఞలు పాటించడం నాకొకరు నేర్పక్కర్లేదు. క్రీముల మాట చదివి ముసిముసిగా నవ్వుకున్నాను కూడా. మా ఇంట్లో పసిపిల్లలకు క్రీములు రాసే అలవాటు ఏనాడూ లేదు.

మొదటి నాలుగురోజులు రాజభోగం. పిల్ల మూడేసి గంటలు పొడిగా ఆడుకునేది. దద్దురు మాయమైంది. వాషింగ్ మెషీన్లో వేస్తే చాలు, నా మణికట్టుకు పని లేదు. తాళ్ళన్నీ విప్పేశాం, మావారు తలెత్తుకుని నడిచారు. కనిపించినవాళ్ళకల్లా ఆ డైపరు నాలుక లాగి చూపించి, ఇది ఎందుకు నాలుక, ఎందుకు ఒక్క చివరే కుట్టారు అని పాఠం చెప్పాను. కాకినాడ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేనైతే లోలోపల ఆ మాటకు సమాధి కట్టేశాను.

ఐదోరోజు నా చీర తడిసింది. బటన్లు వదులుగా పెట్టి ఉంటాననుకున్నాను. ఆరోరోజు పక్క తడిసింది. ఏడోరోజు మావారి లుంగీ. రెండోవారానికి గంట గంటకూ కారడమే. ముందు వానను తిట్టాను, తర్వాత మెషీన్ని తిట్టాను, తర్వాత పిల్లను ఎత్తుకోవడం చేతకాదని మావారిని తిట్టాను. ఎవరూ మిగలక చివరికి ఆ డైపర్లు అమ్మినవాళ్ళకు ఫోన్ చేశాను. ఎవరో చిన్నపిల్ల, గొంతు తేనెలా ఉంది. ఏ క్రీము రాస్తున్నారండి అని అడిగింది. ఏమీ రాయడం లేదమ్మా అన్నాను. ఆయింట్‌మెంటు? లేదమ్మా. ఏదో ఒకటి రాస్తూ ఉంటారండి, ఒకసారి గుర్తు చేసుకోండి అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను అబద్ధం ఆడుతున్నానా, ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, గుడ్డ సంగతి నాకా చెప్పేది అని నాలుగు వాయించి పెట్టేశాను. ఆ అమ్మాయి ఈ రాతలు చదివితే నన్ను క్షమించాలి.

కోడలు తడిసిన పక్కగుడ్డలు తీసి మెషీన్లో వేస్తూ వచ్చింది. గురువారం డ్యూటీలో చేరాలి. ఆ ముందు ఆదివారం అందరం ఆరాధనకు వెళ్ళాం. ఆడవాళ్ళందరూ తెల్లచీరల్లో, చాపల మీద. ప్రార్థన అయ్యాక పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారని పిలుస్తాం, మనవరాలిని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటున్నారు. ఆవిడ చీర ఎంత తెలుపంటే గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మల్లెపువ్వే. పిల్ల నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు, అది ఎప్పుడు నవ్వుతుందో కూడా తెలుసు. నేను చాపల మీద కూర్చున్నవాళ్ళను దాటుకుంటూ పరిగెత్తేలోపే అమ్మగారి ఒడి తడిసింది. ఆవిడ ఎంత మంచావిడంటే, బాప్తిస్మం ఇచ్చేసిందండి మీ మనవరాలు అని పడీ పడీ నవ్వారు. అందరూ నవ్వారు. కోడలు మాత్రం నవ్వలేదు.

ఇంటికి రాగానే మంచం మీద బ్యాగు తెరిచింది. మంగళవారం కాకినాడ వెళ్ళి పిల్లను వదిలి వస్తానండి అంది. పిల్ల గౌన్లు ఒక్కొక్కటీ మడిచి పెడుతోంది. గుమ్మంలో నిలబడి చూశాను. కాళ్ళీడ్చుకుంటూ పెరట్లోకి వెళ్ళాను. తీగ మీద ఆరిన నీలం డైపరు ఒకటి చేతికి తగిలింది. కసికొద్దీ దాని మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించాను.

నీళ్ళు ఇంకలేదు. చేమాకు మీద పడ్డట్టు గుండ్లు గుండ్లుగా అటూ ఇటూ దొర్లి కిందికి జారిపోయాయి. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కమ్మగా కొబ్బరి వాసన.

అయ్యో నా బుద్ధీ అనుకున్నాను. మా దొడ్లో కాయలే, అటక మీద లోపలి నీళ్ళు ఇంకి కురిడీ కట్టేదాకా ఉంచి, కొట్టి ఎండబెట్టి, దగ్గరుండి మిల్లాడించిన నూనె. స్నానానికి ముందు పిల్లకు పట్టించడం మా ఇళ్ళలో ఊపిరి పీల్చుకోవడం లాంటిది. అది రాయడం కిందికి వస్తుందని నాకు తట్టనే లేదు. నూనె పెట్టి నీళ్ళు పోయడాన్ని ఎవరైనా క్రీము రాయడం అంటారా? పాత పంచె ముక్కల్ని వేడినీళ్ళలో ఉడకబెట్టేవాళ్ళం కాబట్టి నూనె వదిలేది. వీటికి వేడి తగలకూడదు, సబ్బు చెంచాకు మించకూడదు. ఆజ్ఞలన్నీ తు.చ. తప్పకుండా పాటించి, పూటపూటా డజను డైపర్లకూ నేనే నూనె తాగించాను.

అంతటితో అయిపోలేదు. నూనె రోజుకు ఒక్కసారే చాలండి అని కోడలు పిల్ల పుట్టిన నెలలోనే చెప్పింది. నేను తలూపాను. తలూపి, ఆ అమ్మాయి మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు ఒకసారి, సాయంత్రం మేడమీద మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళినప్పుడు ఒకసారి పట్టించాను. ఎలాస్టిక్ ఒరుసుకుపోకూడదని తొడల దగ్గర ఇంకాస్త ఎక్కువ. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే తప్పు డైపర్ల మీదకు పోతుంది, పిల్ల కాకినాడ పోతుంది. నోరు విప్పితే, నేను చూడనప్పుడు ఈవిడ ఇంకేం చేస్తుందో అని కోడలికి నా మీద నమ్మకం పోతుంది, అప్పుడూ పిల్ల కాకినాడే పోతుంది. పెరట్లో రెండు నిమిషాలు నిలబడ్డాను. కుట్టు తప్పిన పిల్ల దాన్ని దాచిపెడితే ఊరుకున్నదాన్ని కాదు నేను. తడి డైపరు పట్టుకుని తిన్నగా గదిలోకి వెళ్ళి, మూడుసార్లమ్మా అన్నాను.

కోడలికి ముందు అర్థం కాలేదు. నూనె, మధ్యాహ్నం, మేడ, తొడలు, అన్నీ కలగాపులగంగా చెప్పేశాను. చివరికి డైపరు మంచిదే, దాన్ని ఏమీ అనకు, తప్పు నాదే అన్నాను. ఆ అమ్మాయి డైపరు తీసుకుని వాసన చూసింది. చూసి, బ్యాగు పక్కకు నెట్టి, మంచం మీద వాలిపోయి నవ్వడం మొదలుపెట్టింది. ఆరు నెలల్లో అంత నవ్వు నేను చూడలేదు. సాయంత్రాలు మీ మనవరాలిని ఎత్తుకుంటే జారిపోతుందేంటా అనుకునేదాన్నండి అంది. మీరు పట్టిస్తున్నారని నాకు తెలుసండి, ఊరుకున్నాను, అది డైపరుకు పడుతుందని నాకూ తట్టలేదు అని కూడా అంది.

ఇద్దరం పెరట్లో పడ్డాం. గిన్నెలు తోమే సబ్బు అయితే జిడ్డు వదులుతుందని తను, తలంటుకున్న నూనె దేంతో వదులుతుంది, కుంకుడు రసంతో కదా అని నేను. ఎవరి మాటా తగ్గలేదు. రెండు బకెట్లు పెట్టి, గోరువెచ్చని నీళ్ళు పోసి, తన ఆరు తను, నా ఆరు నేను నానబెట్టుకున్నాం. పిల్ల ఒంటి మీద ఉన్నది కూడా విప్పేసి అందులో పడేశాం. మోచేతుల దాకా నురగ, మావారు వచ్చి చూసి, ఏదో ఇంటి పండగ అనుకుని చక్కా వెళ్ళిపోయారు. ముందు తన బకెట్లోది ఒకటి తీసి, పదిసార్లు జాడించి, గట్టిగా పిండి, మీద గ్లాసుడు నీళ్ళు పోశాం. ఒక్క గుండు నిలవలేదు, గుటుక్కున మింగేసింది. నా కుంకుడు రసంలోది మాత్రం సగమే మింగింది, ఆ సంగతి మీకు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం పట్టుకుని గంతులు వేసినంత పని చేశాం.

మరైతే ఆ బ్యాగు, అని ఊరుకున్నాను.

కోడలు చేతులు కడుక్కుంది. నవ్వు ఇంకా మొహం మీద ఉంది కానీ కళ్ళలో లేదు. "డైపర్ల కోసం కాదండి అత్తయ్యగారూ," అంది. "మా అమ్మ అడిగిందండి, నా దగ్గర ఉంచవే అని. మీరు ఒక్కసారి కూడా అడగలేదు. మీకు ఓపిక లేదేమో, మొహమాటపడి చూస్తారేమో అనుకున్నాను."

నేను అడగలేదా? వెనక్కి వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాను. ఎలాస్టిక్ వందసార్లు లాగాను. గుమ్మడికాయకు డైపరు తొడిగాను. ఊరందరికీ నాలుక పాఠం చెప్పాను. పరాయిపిల్లను ఫోనులో దులిపేశాను. ఆ ఒక్క మాట మాత్రం, నిజంగానే, ఎవరితోనూ అనలేదు. అనాలని తెలియదు. అందరికీ కనిపిస్తూనే ఉంది కదా అనుకున్నాను.

చాప మీద బోర్లా పడుకుని ఉన్న పిల్లను తీసి ఒళ్ళో వేసుకున్నాను. ముప్పై ఏళ్ళు తరగతి గదులు దద్దరిల్లేలా మాట్లాడిన గొంతు, అప్పుడు చూడండి, పీలగా వచ్చింది.

"దీన్ని నా దగ్గర ఉంచమ్మా," అన్నాను. "ఇది లేకపోతే నాకు తోచదు."

"ఆయ్, అలాగేనండి," అంది కోడలు.

అంతే, అంత తేలిగ్గా. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. కళ్ళు తుడుచుకుందామంటే చేతుల నిండా నురగ. ఈలోపు ఒళ్ళో వెచ్చగా తగిలింది. డైపర్లు డజనూ బకెట్లలోనే ఉన్నాయి మరి. కోడలు పిల్లను అందుకోబోయింది. నేను ఇవ్వలేదు.